ముగ్గురికి ఒక్క జత ముళ్లు

మా అన్నయ్య ఎర్మెస్‌కి బరువంటే పగ. నడుం పట్టీకి మిగిలిన కొసలు కోసిపారేసేవాడు. హెల్మెట్ లోపలి మెత్తలు పీకేసేవాడు. పోటీ ముందురోజు గుండు కొట్టించుకుని, అద్దంలో చూసుకుని, కనుబొమలు కూడా గీయించుకుంటే ఎలా ఉంటుందని నన్నడిగేవాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగేవాడు.

స్కీల అడుగున పట్టీలు అంటించుకుని కొండెక్కడం, పైన ఆ పట్టీలు పీకేసి జారుతూ దిగడం మా వాల్‌ఫుర్వా లోయలో పిల్లలకు నడకతోపాటే వస్తుంది. ఎర్మెస్‌కు అది నడకకంటే ముందే వచ్చిందని మా అమ్మ అనేది. ఒకప్పుడు అలా ఎక్కి దిగే పోటీల్లో దేశం తరఫున పరిగెత్తాడు. అదే రోజుల్లో సారా దుకాణంలో ఒకడి దవడ విరగ్గొట్టి జట్టులోంచి పోయాడు. నలభై దాటాక మళ్లీ పట్టుదల వచ్చింది. వసంతంలో జరిగే ముగ్గురి పోటీకి వెళ్లాలన్నాడు. ఒకే తాడుకు కట్టుకుని ముగ్గురు పరిగెత్తే పోటీ అది. ముగ్గురంటే తను, నేను, నా మొగుడు ఇలారియో.

ఇలారియో రంపపు మిల్లులో పని చేస్తాడు. మెల్లగా మాట్లాడతాడు, మెల్లగా ఎక్కుతాడు, ఆగడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవాళ్లు. ఆ పిలుపులో ప్రేమ ఎంతో ఎత్తిపొడుపూ అంతే.

ఎజిదియో షాపుకి క్రాంపాన్లు కొనడానికి వెళ్లిన రోజు ఆ ఎత్తిపొడుపు చేతుల్లోకి దిగింది.

బూట్ల కింద బిగించుకునే ఆ ముళ్ల చట్రాలు బల్ల మీద మూడు రకాలు పరిచి ఉన్నాయి. పూర్తి ఉక్కువి బరువు, కానీ ఎంత గట్టి మంచుగడ్డలోనైనా దిగుతాయి. పూర్తి అల్యూమినియంవి చేతిలో ఉన్నట్టే తెలియదు. గట్టిపడిన మంచుకు అవి చాలు. రాయి తగిలినా, నీలం గడ్డ ఎదురైనా మొద్దుబారిపోతాయి. మూడోది మధ్యరకం. వేళ్ల దగ్గర ఉక్కు, మడమ దగ్గర అల్యూమినియం, రెంటినీ కలుపుతూ ఒక గట్టి తాడు ముక్క.

ఎర్మెస్ చూడకుండానే అల్యూమినియంవి మూడు జతలు తీసి పక్కన పెట్టాడు. ఇలారియో అందులోంచి ఒక జత వెనక్కి నెట్టి మధ్యరకం అందుకున్నాడు.

"ఇదేంటి బావా?" అన్నాడు ఎర్మెస్.

"నాకు ఇది చాలు బావా. కాళ్ల కింద ఉండేదాంట్లో నేను పొదుపు చెయ్యను."

"ముందు ఆ పొట్ట దించుకో. తర్వాత ఉక్కు మోద్దువుగాని."

"పొట్ట జోలికి రాకు. అది మీ చెల్లెలి చేతి చలవ."

ఎజిదియో నవ్వాడు. నేనూ నవ్వాను. ఎర్మెస్ నవ్వలేదు.

"నీ ఒక్కడి కోసం మేమిద్దరం ఆగాలా? నీ మూలంగా వెనకబడితే?"

"వెనకబడితే పడతాం. బతికుంటాంగా."

ఎర్మెస్ చేతిలో ఉన్న క్రాంపాన్ గాల్లోకి లేచి కళ్లజోళ్లున్న అద్దాల బీరువాలో పడింది. ఆ శబ్దం ఆగేలోపే ఇలారియోను గొంతు దగ్గర చొక్కా పట్టుకుని స్కీలు నిలబెట్టిన చట్రానికేసి కొట్టాడు. స్కీలన్నీ వాళ్ల మీద కూలాయి. నేను మధ్యలో దూరి అన్నయ్య చెవి మెలిపెట్టాను. చిన్నప్పటి నుంచీ వాణ్ని ఆపడానికి నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే. వదిలేశాడు.

"ఎర్మెస్, నువ్వు బయటికి నడు," అన్నాడు ఎజిదియో గాజు ముక్కల్లో నిలబడి.

ఇలారియో పెదవి చిట్లింది. రక్తం తుడుచుకుని, తను ఎంచుకున్న జత చంకన పెట్టుకున్నాడు. నేను అల్యూమినియంవే తీసుకున్నాను. చేతిలో అవి చాలా అందంగా ఉన్నాయి. పైగా ఆ రోజు మా అన్నయ్యను ఇంకొక్క మాటతో కూడా కదిలించే ఓపిక నాకు లేదు.

తర్వాతి ఆదివారం సాధన కోసం క్రిస్తా నేరా కొండకు ఉత్తరాన రాళ్ల మధ్య నిటారుగా పోయే మంచు గాడి ఎక్కాం. షాపు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎర్మెస్ తెల్లారగానే మా ఇంటికొచ్చి, ఇలారియోకి కాఫీ తనే పోసి, "పెదవి ఎలా ఉంది బావా?" అన్నాడు. "ముద్దులకి పనికిరావట్లేదు" అన్నాడు ఇలారియో. క్షమాపణ అడగడం, ఇవ్వడం మా ఇంట్లో అలాగే జరుగుతాయి.

ఆ గాడి ఏప్రిల్‌లో మామూలుగా గట్టి మంచుతో మెట్లు కట్టినట్టుంటుంది. కానీ వారమంతా గాలి వీచింది. పైమంచును నాకేసి పోయింది. సగం ఎక్కేసరికి కాళ్ల కింద మంచు అయిపోయి గడ్డ మొదలైంది. సీసాలా నీలంగా, లోపల గాలి బుడగలు కనపడేంత స్పష్టంగా ఉంది. అప్పటికే స్కీలు వీపున కట్టుకుని, క్రాంపాన్లు బిగించుకుని, తలా ఒక మంచు గొడ్డలి పట్టుకుని ఉన్నాం.

ఒకే తాడుకు ఎర్మెస్ ముందు, నేను మధ్యలో, ఇలారియో చివర.

ఎర్మెస్ కాలు విసిరి గడ్డను తన్నాడు. ముళ్లు దిగలేదు, గీత గీసి జారాయి. మళ్లీ తన్నాడు. పింగాణీ పళ్లెం మీద చెంచా గీసినట్టు చప్పుడు. నా ముళ్లూ అంతే. రెండు తన్నులకు ఒక మిల్లీమీటరు. కింద ఇలారియో కాలు పెట్టినచోటల్లా టక్కుమని దిగుతోంది. ఆ టక్కు టక్కు ఎర్మెస్‌కు వినపడుతూనే ఉంది. వినపడేకొద్దీ ఇంకా బలంగా తన్నాడు.

"అన్నయ్యా, దిగుదాం," అన్నాను.

"నోర్మూసుకో."

"బావా, దెలియా చెప్తోందిగా. నేను ముందుకొస్తా, నువ్వు వెనక్కి రా."

"నువ్వు ముందుకొస్తే చీకటి పడుద్ది."

గడ్డను తప్పించుకోవడానికి ఎడమవైపు రాతి పలక మీదికి తిరిగాడు. అక్కడ కోపంతో ఒక్క తన్ను తన్నాడు. చట్రం మధ్యకి విరిగింది. పెంకు పగిలినట్టు చిన్న చప్పుడు, అంతే. మా అన్నయ్య వెల్లకిలా గాల్లో ఉన్నాడు.

నన్ను దాటుకుంటూ పడ్డాడు. తాడు నా నడుం పట్టి లాగేసింది. నా ముళ్లు పట్టు వదిలాయి. బోర్లా జారుతూ గడ్డలోకి గొడ్డలి దించబోయాను. అది ఎగిరి నా పెదవికే తగిలింది. కింద ఇలారియో రెండు కాళ్లూ, గొడ్డలీ గడ్డలో పాతేసి, తల వంచి, మా ఇద్దరి కోసం కాచుకున్నాడు. మొదట ఎర్మెస్ తగిలాడు. వాడి రెండో కాలి ముళ్లు ఇలారియో ముఖాన్ని కనుబొమ దగ్గర్నుంచి దవడ దాకా దున్నుకుంటూ పోయాయి. అయినా అతను కదల్లేదు. తర్వాత తాడు బిగిసింది. తర్వాత నేను ఆగాను.

ఆ తర్వాత ఇలారియో, "ఎవరైనా గడ్డలోకి మర తిప్పండి, నాకు కాళ్లు వణుకుతున్నాయి" అన్నాడు మామూలు గొంతుతో.

పక్కనే రాతి కింద గుమ్మమంత చప్టా ఉంది. పాకుతూ దాని మీదికి చేరి, గడ్డలోకి ఇనుప మర తిప్పి దించి, ముగ్గురం దానికి తగిలించుకున్నాం. అప్పుడు ఇలారియో నా వైపు తిరిగాడు. ఎడమ కన్ను ఉన్నచోట రక్తం తప్ప ఏమీ కనపడలేదు. మెడకున్న గుడ్డ విప్పి కట్టాను. గుడ్డ వెంటనే బరువెక్కింది.

ఎర్మెస్ ఒక క్రాంపాన్ రెండు ముక్కలై కిందికి పోయింది. రెండోది పడటంలో కొక్కెం ఊడి, దాని దారిన అదీ పోయింది. నా ముళ్లు అరిగిన దువ్వెనలా ఉన్నాయి. ముందు ముళ్లలో ఒకటి పక్కకి ఒంగింది. బరువని మా అన్నయ్య పొట్టి తాడు తెచ్చాడు. దిగడానికి అది చాలదు. ఫోనుకు సిగ్నలు లేదు. ఎండ పైనున్న రాళ్ల మీదికి వచ్చింది. రాత్రంతా గడ్డ పట్టుకుని ఉంచిన రాళ్లు ఒక్కొక్కటే ఊడి, ఈల వేసుకుంటూ గాడిలోంచి పోతున్నాయి. పైన తాడు పొడవంత దూరంలో కనుమ కనిపిస్తోంది. అక్కడ మంచుంది, అవతల సులువైన వాలుంది. ఎవరో ఒకరు అక్కడికి ఎక్కి తాడు బిగించాలి. గడ్డలో దిగే ముళ్లు మా ముగ్గురికీ కలిపి ఒక్క జతే ఉన్నాయి.

"విప్పు," అన్నాడు ఎర్మెస్.

ఇలారియో అర్థం కానట్టు చూశాడు.

"క్రాంపాన్లు విప్పు బావా. నేనెక్కుతా."

"నేనే ఎక్కుతా."

"ఒంటికన్నుతోనా?"

"నా కాళ్లకి కళ్లు అక్కర్లేదు. నీ కోపంతో పోలిస్తే నా ఒంటికన్నే నయం. మళ్లీ ఒక రాయి నీకు నచ్చకపోతే దాన్ని తంతావు."

మా అన్నయ్య అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. మా ముగ్గురిలో గడ్డ ఎక్కడం వాడికి తెలిసినంత ఎవరికీ తెలియదు. నిదానంగా అడిగి ఉంటే ఇలారియో ఇచ్చేవాడేమో. కానీ ఎర్మెస్ రెండోసారి అడగలేదు. ఒంగి ఇలారియో కాలు పట్టుకుని మడమ దగ్గరి కొక్కెం లాగబోయాడు.

ఇలారియో తన్నాడు. ఉక్కు ముళ్లు చొక్కా చేతిని చీల్చుకుంటూ ఎర్మెస్ ముంజేతిలో దిగాయి. వెనక్కి లాక్కుంటే కండ కూడా కొంచెం వచ్చింది. ఎర్మెస్ అరవలేదు. ఇలారియో హెల్మెట్‌ను రెండు చేతులా పట్టుకుని రాతికేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. హెల్మెట్ పగిలింది. నేను వాడి భుజాల మీద పడి చెవి కోసం వెతుక్కున్నాను. మోచేత్తో వెనక్కి పొడిచాడు. నోట్లో పన్ను ఊడి నాలుక మీద పడింది.

"నువ్వే కదా కోరుకున్నావు! నేను పడాలని నువ్వే కదా కోరుకున్నావు!" అంటున్నాడు ఎర్మెస్. ఇలారియోను మోకాళ్ల కింద నొక్కిపెట్టి, గొడ్డలి కర్రను అడ్డంగా అతని గొంతు మీద ఆనించి, రెండు చేతుల బరువూ దాని మీద వేశాడు.

"అన్నయ్యా, చచ్చిపోతాడు! వదులు!"

వినపడలేదు. వాడి ముఖం చూశాను. అందులో నాకు తెలిసినవాడెవడూ లేడు. ఇలారియో కాళ్లు గడ్డను గీకుతున్నాయి. మిగిలిన కన్ను నన్ను వెతుక్కుంది.

నేను గొడ్డలి తిప్పి, సుత్తిలా ఉన్న వైపుతో మా అన్నయ్య చేతి మీద కొట్టాను. వేళ్ల మీద. బలమంతా పెట్టి కొట్టాను. ఎముకలు విరిగిన సంగతి చెవికంటే ముందు నా అరచేతికి తెలిసింది. ఎర్మెస్ కర్ర వదిలి, చెయ్యి గుండెలకు హత్తుకుని, గోడకు జారగిలబడ్డాడు. గొడ్డలి గాడిలో దొర్లిపోయింది. ఇలారియో దగ్గుతూ, కక్కుతూ, గాలి కోసం నోరు తెరిచాడు.

నేను ఇద్దరి మధ్యా కూర్చున్నాను. నోట్లోంచి పన్ను తీసి పారేశాను.

"ఎవరైనా కదిలితే తలకాయ మీద కొడతా," అన్నాను. ఇద్దరికీ చెప్పాను. నిజంగా కొట్టేదాన్ని.

తలకాయంత రాయి ఒకటి మా పక్కనుంచి పోయింది. దాని గాలి ముఖానికి తగిలింది.

"ఇలారియో, విప్పు. నేనెక్కుతా."

అతను మాట్లాడలేకపోయాడు. తనే మడమ కొక్కెం తీశాడు. అతని బూటు నాకంటే పెద్దది. రెండు ముక్కల్నీ కలిపే తాడును నా బూటుకు సరిపడేలా ముడి వేసి కుదించాలి. నా వేళ్లు మొద్దుబారి ముడి పడలేదు. అప్పుడు ఎర్మెస్ మంచి చెయ్యి ముందుకు చాపి తాడు ఒక కొస పట్టుకున్నాడు. ఇంకో కొస ఇలారియో పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా చెరోవైపు బిగించి లాగారు. నేను ముడి వేశాను.

మిగిలిన రెండు గొడ్డళ్లూ నేనే తీసుకున్నాను. ఎక్కడానికి రెండూ కావాలి. వాళ్ల దగ్గర ఒక్కటీ ఉంచకూడదు కూడా.

మొదటి కాలు వేశాను. టక్కుమంది. అన్నం తిన్నంత బలం వచ్చింది నాకు. రెండో కాలు వేశాను. నాలుగడుగులు పైకి వెళ్లాక పిక్కలు వణకడం మొదలైంది. కిందికి చూస్తే వాళ్లిద్దరూ ఒకే మరకు కట్టుకుని భుజం భుజం రాసుకుంటూ ఉన్నారు. నేను లేని చోట ఒకర్నొకరు తోసుకుంటారేమోనని భయం. ఆ భయంలో నా కాలు జారింది. ఒక గొడ్డలి మీద వేలాడాను.

"మడమ దించు!" అని కిందినుంచి కేక. మా అన్నయ్య. "వేళ్ల మీద నిలబడకు చెల్లీ, మడమ దించు! దించితేనే ముళ్లు పట్టుకుంటాయి!"

దించాను. పట్టుకున్నాయి.

"ఊ, ఇప్పుడు చిన్న అడుగు. తన్నకు, పెట్టు. నేను తన్నినట్టు తన్నకు." వాడి గొంతు పగిలింది. ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే చెబుతున్నాడు. "కుడివైపు గడ్డ బూడిద రంగుంది చూడు, అది మెత్తన. అటు పో."

ఇలారియో కూడా ఏదో అన్నాడు. నలిగిన గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. ఎర్మెస్ దాన్ని అందుకుని గట్టిగా అరిచాడు: "రాయొస్తోందంట! గోడకి అతుక్కో!"

అతుక్కున్నాను. రాళ్లు వీపున ఉన్న స్కీల మీద డప్పు వాయించాయి. ఒకటి భుజం మీద పడి చెయ్యి చచ్చుబడింది. కాసేపటికి మళ్లీ నాదయింది. ఎలా ఎక్కానో మిగతా దూరం నాకు ముక్కలుగానే గుర్తుంది. చివర గొడ్డలి మెత్తటి మంచులో మొదలంటా దిగినప్పుడు, దాని మీద ముఖం పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను.

కనుమ మీద స్కీలు అడ్డంగా పాతి, వాటికి నన్ను నేను కట్టుకుని, తాడు పైకి లాగి, కొసకు క్రాంపాన్లు కట్టి కిందికి జార్చాను. మొదట ఇలారియో వచ్చాడు. తాడు లాగేటప్పుడు అతని బరువు చేతులకు తెలుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. పైకి వచ్చి మంచులో కూలబడ్డాడు.

"క్రాంపాన్లు తీసివ్వు," అన్నాను.

తీయలేదు.

"ఇలారియో."

"నన్ను చంపబోయాడు." గుసగుసలా వచ్చింది మాట. "మాటవరసకి కాదు, దెలియా. నిజంగా చంపబోయాడు."

"తెలుసు. నేను చూశాను."

"ఇక్కణ్నుంచి జారుకుంటూ పోయి హెలికాప్టర్ని పంపుదాం. వాళ్లొచ్చి తీసుకెళ్తారు."

"ఈ గాలికి హెలికాప్టర్ రాదు. రాళ్లు ఆగవు."

కింద ఎర్మెస్ పిలవలేదు. ఒక్క కేక కూడా వేయలేదు. అడగకూడదని నిర్ణయించుకున్నట్టున్నాడు. ఆ మౌనం నాకు కోపం తెప్పించింది, జాలి కూడా తెప్పించింది. ఇలారియో కాళ్లు నావి కావు. బలవంతంగా లాగితే నాకూ మా అన్నయ్యకూ తేడా ఏముంది? కూర్చుని ఎదురుచూశాను.

గాడిలోంచి రాళ్ల వాన ఒకటి పోయింది. ఆ మోత కింది నుంచి తిరిగి మాకు వినపడింది. ఇలారియో తల తిప్పుకున్నాడు. ఒంగి, ఒక కొక్కెం తీశాడు. రెండోది తీశాడు. వాటిని నా ఒళ్లోకి విసిరాడు.

"నీకోసం. వాడికోసం కాదు."

ఎర్మెస్ ఒక్క చేత్తో ఎక్కాడు. చివరి గజాలు మేమిద్దరం కలిసి లాగాల్సి వచ్చింది. పైకొచ్చి నిలబడ్డాడు. ముంజేతి నుంచి కారిన రక్తం చేతి తొడుగులో గడ్డకట్టింది. ఇలారియో లేచి వాడి దగ్గరకు నడిచి ముక్కు మీద గుద్దాడు. ఎర్మెస్ పడిపోయాడు. పడినవాడు లేచి, చేతులు దించుకుని, రెండో దెబ్బ కోసం ముఖం చూపించాడు. ఇలారియో కొట్టలేదు. స్కీలు తొడుక్కోవడం మొదలుపెట్టాడు.

అవతలి వాలు దిగి మధ్యాహ్నానికి కొండసత్రం చేరాం. సత్రం నడిపే ఆవిడ మా ముఖాలు చూసి, "ఏం తగిలింది?" అంది. "రాళ్లు" అన్నాం ముగ్గురం. ఇలారియో గొంతు మీద అడ్డంగా ఉన్న నల్లటి చారను చూసి ఆవిడ ఇంకేమీ అడగలేదు.

కన్ను దక్కలేదు. ఎర్మెస్ కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. మా ఊళ్లో ఉండలేక పక్క లోయకు వెళ్లిపోయి, మునిసిపాలిటీ వాళ్ల మంచు తోసే బండి నడుపుతున్నాడు. తాగడం మానేశాడు. మనుషులతో మాట్లాడటం కూడా దాదాపు మానేశాడు. కన్ను పోయిన మొదటి నెలల్లో ఇలారియో మిల్లు పనికి వెళ్లలేక ఇంట్లో కూర్చుని, ఏ వస్తువుకో గుద్దుకుని, ఆ వస్తువును తిట్టకుండా నన్ను తిట్టేవాడు. "నన్ను కట్టుకున్నావుగా, పడు" అనేదాన్ని. తర్వాత మిల్లువాళ్లు వేరే పని ఇచ్చారు.

నేను నా అన్నను వదులుకోలేదు. ఆదివారాలు చూడ్డానికి వెళ్తాను. నాకు బండి రాదు కాబట్టి ఇలారియోయే తీసుకెళ్తాడు. ఎర్మెస్ ఇంటికి కొంచెం దిగువన మలుపు దగ్గర బండి ఆపి, దిగకుండా, వార్తాపత్రిక తెరిచి కూర్చుంటాడు. నేను వచ్చేదాకా అలాగే ఉంటాడు. దాని గురించి మేం మాట్లాడుకోం.

పోయిన చలికాలం ఒక ఆదివారం బాగా మంచు పడుతోంది. నేను లోపల మొక్కజొన్న పిండితో వండిన పొలెంతా తింటున్నాను. ఎర్మెస్ కిటికీలోంచి కిందికి చూస్తూ ఉన్నాడు. కాసేపటికి లేచి కాఫీ కాచాడు. చలి అన్నప్పుడు మా నాన్న పోసినట్టే, తను ముట్టకుండా అలమరలో ఉంచిన గ్రాప్పా సారా అందులో కొంచెం పోశాడు. కోటు వేసుకోకుండానే కప్పు పట్టుకుని బయటికి పోయాడు. కిటికీలోంచి చూశాను. మలుపు దాకా నడిచి, కప్పును బండి ముందు భాగం మీద పెట్టి, అద్దం వైపు చూడకుండా తిరిగొచ్చేశాడు.

నేను వెళ్లేసరికి ఖాళీ కప్పు పక్క సీటు మీద ఉంది. లోపల మంచుతో రుద్ది కడిగినట్టుంది.

"తాగావా?" అన్నాను.

ఇలారియో బండి తీశాడు. రెండు మలుపులు దిగాం.

"వాడికి కాఫీలో చక్కెర ఎంతెయ్యాలో తెలీదు," అన్నాడు.